నడుముకీ కడుపుకీ మధ్య చిన్న కారు

కట్టుడు పళ్ళు తయారు చేయడం అతని వృత్తి. దంతవైద్యులు నోటి అచ్చులు తీసి పంపితే, వాటిలో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ నిలబెట్టి, పై వరసా కింద వరసా కలుస్తున్నాయో లేదో చూసి తిరిగి పంపేవాడు. బోర్డు మీద పేరు స్పష్టంగానే ఉన్నా అందరూ పళ్ళాయన అనే పిలిచేవారు. అప్పుడప్పుడూ కొత్తవాళ్ళు ఫోన్ చేసి అరటిపళ్ళు డజను ఎంత అని అడిగేవారు. "మావి తినే పళ్ళు కావండీ, తినడానికి పనికొచ్చే పళ్ళు" అని అతను ఓపిగ్గా చెప్పేవాడు. అవతలివాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

అతనికో చిన్న కారుంది. ఎవరో వాడి అమ్మేసినది. నలుగురు ఎక్కితే నాలుగో మనిషి మోకాళ్ళు గెడ్డానికి తగిలేవి. ఇంట్లో ఉన్నది తనూ, పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే భార్యానే కాబట్టి ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఇద్దరూ కలిసి కారెక్కడం కూడా తక్కువే. భార్యకు చిన్నప్పటి నుంచీ బండెక్కితే కడుపులో తిప్పుతుంది. పోస్టాఫీసు రెండు వీధుల అవతలే. ఆమె నడిచి వెళ్ళేది.

అలాంటి ఇంటికి అత్తగారొచ్చింది. తన ఫ్లాటులో స్నానాలగదిలో జారిపడి నడుము దగ్గర డిస్కు పక్కకి జరిపించుకుంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేయించాలన్నారు. ఆ చేసేచోటు ఊరికి ఆ కొసన ఉంది. ఆ దారికి వేసిన తారు కన్నా దాని మీద వేసిన అతుకులే ఎక్కువ. కూతురు పక్కన లేకుండా ఆవిడ ఆసుపత్రి గడప తొక్కనంది. అలా ముగ్గురూ ఒకే కార్లో కూర్చోవలసి వచ్చింది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. జీవితమంతా ఉన్నదున్నట్టు చెప్పి లైను వదిలేయడం ఆవిడ ఉద్యోగం. కార్లో వెనక, అల్లుడి సీటు వెనకాలే కూర్చుని ఆవిడ అదే పని చేసేది.

"ముందు గుంత ఉంది. దాటాం. వెనక చక్రం కూడా దాటింది. ఏం తెలియలేదు. బండి మెత్తగా ఉంది బాబూ, ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టుంది."

నిజమే. ఆ కారు ఒక స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగితే, తరవాతి స్పీడ్ బ్రేకరు వచ్చేదాకా తలూపుతూనే ఉండేది. ముందు సీట్లో భార్య ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆసుపత్రి చేరాక వైద్యం ఎవరికని రిసెప్షన్ అమ్మాయి ఒకటికి రెండుసార్లు అడిగేది. ఇంటికొచ్చాక భార్య మెట్ల దగ్గరే కూలబడటం చూసి పైవాటా ఆవిడ ఎంతో సంతోషించి, "ఎన్నో నెల?" అంది. "గతుకుల దారండీ" అంది భార్య. ఆ జవాబు పైవాటా ఆవిడకు రుచించలేదు. వారం పాటు పలకరించలేదు.

కారులో లోపముందని పళ్ళాయనకు తట్టలేదు. చిన్న కార్లు ఊగుతాయి, భార్యలకు తిప్పుతుంది, అంతే అనుకున్నాడు. అతనికి విషయం చెప్పినవాడు దారిన పోయే ఒక పెద్దమనిషి.

ఆ రోజు సిగ్నలు దగ్గర ఎర్ర లైటు పడింది. పళ్ళాయన బ్రేకు తొక్కాడు. కారు ముక్కు నేలకి వంగింది, వెనక భాగం పైకి లేచింది, చక్రాలు రోడ్డుని పట్టుకోవలసింది పోయి దాని మీద గెంతాయి. ఆగాల్సిన గీత దాటి, మనుషులు నడిచే తెల్లచారల మీదికి వచ్చాక గాని బండి ఆగలేదు. అక్కడ గొడుగు పట్టుకుని రోడ్డు దాటుతున్న పెద్దమనిషి పారిపోకుండా, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తిడతాడని పళ్ళాయన అద్దం దించాడు. ఆయన తిట్టలేదు. బానెట్ మూలని ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. కారు పైకి లేచింది, దిగింది, లేచింది, దిగింది.

"ఒకసారి లేచి ఊరుకోవాలి" అన్నాడాయన. "షాకులు పోయినట్టున్నాయి బాబూ. ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని తిరుగుతున్నావు." గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

కారు ఇంకా ఊగుతోంది. భార్య కవరు తెరిచింది.

*

మెకానిక్ కోసం వెతుక్కోనక్కర్లేదు. భార్యకి సొంత బాబాయే మెకానిక్. అంటే అత్తగారికి మరిది. పళ్ళాయన అతన్ని చినమావయ్యా అని పిలిచేవాడు. చినమావయ్యకు కార్ల గురించి గట్టి అభిప్రాయాలుండేవి. అవి తరచూ మారేవి గాని, ఉన్నంతసేపు మాత్రం గట్టిగా ఉండేవి.

షెడ్డులో కారుని జాకీ మీద లేపి, చక్రం వెనకాల చెయ్యి పెట్టి నల్లటి జిడ్డు తీసి చూపించాడు.

"చూశారా అల్లుడుగారూ? లోపల ఉండాల్సిన నూనె బయటికొచ్చేసింది. మీరింతకాలం ఒట్టి స్ప్రింగుల మీద తిరుగుతున్నారు."

"స్ప్రింగులుండగా మళ్ళీ ఇవెందుకు చినమావయ్యా?"

"బరువు మోసేది స్ప్రింగే. కాని దానికో జబ్బుంది. నొక్కితే లేస్తుంది, లేస్తే దిగుతుంది, దానంతటది ఆగదు. ఆపేది ఇది." విప్పిన షాక్ అబ్జార్బరుని చంటిపిల్లాడిలా చేతుల్లోకి తీసుకున్నాడు. "గొట్టం. గొట్టంలో నూనె. నూనెలో పిస్టను. పిస్టనుకి సన్నటి కంతలు. గతుకొచ్చినప్పుడు నూనె ఆ కంతల్లోంచి దూరి అటుపక్కకి పోవాలి. గబగబా పోలేదు. ఆ కష్టంలో ఊపు చస్తుంది."

పళ్ళాయనకు ఇది బాగా నచ్చింది. తన పనిలో కూడా వెంట్రుకవాసి కంత, వెంట్రుకవాసి ఎత్తు మనిషిని తిననివ్వకుండా చేస్తాయి.

"అయితే కొత్తవి వేసేయండి."

"వేస్తాను. కాని నూనెవి కాదు. నూనె కాలం పోయింది. గతుకుల దారిలో నూనె కాగుతుంది, నురగ పడుతుంది, నురగలో పిస్టనుకి పట్టు దొరకదు. ఇప్పుడన్నీ గ్యాసువి. లోపల గ్యాసు ఒత్తిడి నూనెని నొక్కి పట్టి ఉంచుతుంది. నురగ రాదు. బండి రోడ్డుని వదలదు. అమ్మాయికి వాంతులుండవు, నాది పూచీ."

చినమావయ్య మాట నిలబెట్టుకున్నాడు. గ్యాసు షాకులు వేశాక కారు కొత్తదైపోయింది. బ్రేకు తొక్కితే ముక్కు వంచలేదు, మలుపు తిరిగితే పక్కకి ఒరగలేదు. భార్య ఆసుపత్రి దాకా కళ్ళు తెరుచుకుని వెళ్ళింది. దారిలో బట్టల దుకాణాలున్నాయని ఆమెకు ఆ రోజే తెలిసింది. వచ్చేటప్పుడు పత్రిక కూడా చదివింది.

వెనక సీట్లోంచి మాత్రం మాట లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు అత్తగారు ఒక దిండు తెచ్చుకుంది. మూడోసారి రెండు. నాలుగోసారికి ఆవిడ తల కారు కప్పుకి తగులుతోంది. చిన్న కారు, తేలిక బండి, దానికి చినమావయ్య వేసినవేమో పెద్ద బండిని పట్టుకోగల షాకులు. పెద్ద గుంతల్లో బాగానే ఉండేది. చిన్న చిన్న అతుకుల మీద మాత్రం మెత్తబడేది కాదు. రోడ్డు మీదున్న ప్రతి గరుకునీ లెక్కపెట్టి ఉన్నదున్నట్టు సీటుకి చేరవేసేది.

"అత్తయ్యా, ఇబ్బందిగా ఉందా?" అని పళ్ళాయన అద్దంలో చూసి అడిగాడు.

"లేదు బాబూ" అంది ఆవిడ. కొంచెం ఆగి, "రోడ్డు మీద ఎవరో అగ్గిపుల్ల పారేశారు. ఇప్పుడే దాటాం" అంది.

ఫిజియోథెరపీ చేసే కుర్రాడు ఆవిడ వీపు తడిమి చూసి, మళ్ళీ ఎక్కడైనా పడ్డారా అని అడిగాడు. ఆవిడ అల్లుడి ముఖం చూసి, "పడలేదు నాయనా. కారెక్కాను" అంది.

ఆ తరవాత ఆవిడ బస్సులో వెళ్తానంది. బస్సు ఇంకా ఘోరంగా కుదుపుతుంది కదా అని కూతురంటే, "కుదిపితే కుదిపింది. బస్సులో అయితే ముందు సీట్లో ఎవరూ హాయిగా పత్రిక చదువుకుంటూ ఉండరు" అంది.

దాంతో తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆవిడ బస్సెక్కింది. కూతురు తల్లిని ఒంటరిగా పంపలేక అదే బస్సెక్కి కిటికీ పక్కన కవరుతో కూర్చుంది. పళ్ళాయన ఖాళీ కార్లో బస్సు వెనకాలే వెళ్ళాడు. ముగ్గురిలో ఎవరూ సుఖపడని ఏర్పాటు అది. అయినా రెండు వారాలు నడిచింది.

*

"గ్యాసు తీసేసి నూనెవే వేయండి" అని పళ్ళాయన షెడ్డుకెళ్ళి అడిగాడు. చినమావయ్య నొచ్చుకుంటాడనుకున్నాడు. కాని ఈలోగా చినమావయ్య వదినని చూడ్డానికి ఇంటికొచ్చి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద కూర్చుని నడుము పట్టుకుని లేవడం చూశాడు. అతని అభిప్రాయం మారిపోయింది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, చిన్న బండికి నూనెదే మర్యాద. మెత్తగా పోతుంది. మా వదిన నడుం ముఖ్యం."

నూనె షాకులు పడ్డాయి. వెళ్ళేటప్పుడు అందరికీ బాగానే ఉంది. అత్తగారు దిండ్లు తీసేసింది. భార్య కిటికీలోంచి గాలి పీలుస్తూ ఓర్చుకుంది. వచ్చేటప్పుడే వచ్చింది చిక్కు. ఎండ, అతుకుల దారి, అంతదూరం ఎడతెరిపి లేకుండా కొట్టుకుని నూనె కాగి, పట్టు సడలింది. పొద్దున లేని ఊపు మధ్యాహ్నానికి వచ్చింది. ఇంటికి ఇంకా కాస్త దూరం ఉందనగా భార్య కారాపించింది. రోడ్డు పక్క నిలబడి, నోరు తుడుచుకుని, భర్తతో చాలా మామూలుగా చెప్పింది.

"ఏమండీ, వెళ్ళేటప్పుడు మా అమ్మ కూతురిగా ఓర్చుకున్నాను, వచ్చేటప్పుడు మీ భార్యగా ఓర్చుకోలేను. నన్నిక్కడే వదిలేసి వెళ్ళండి. నడుచుకుంటూ వస్తాను."

నడుచుకుంటూనే వచ్చింది. ముందు కారు, వెనక ఆమె. అత్తగారు వెనక్కి తిరిగి చూడాలని ప్రయత్నించింది గాని నడుము తిరగలేదు.

మూడోసారి షెడ్డుకెళ్ళినప్పుడు చినమావయ్య ఏ అభిప్రాయమూ చెప్పలేదు. అటక మీంచి ఒక పెట్టె దించాడు. అందులో ఉన్న షాకులకు నెత్తిన ఒక్కో మర ఉంది. కుడికి తిప్పితే లోపలి కంతలు మూసుకుని గట్టిపడతాయి, ఎడమకి తిప్పితే తెరుచుకుని మెత్తబడతాయి. ముందు రెండు మరలు బానెట్ కింద, వెనక రెండు డిక్కీలో చాప కింద.

"ఇదివరకే ఇవ్వొచ్చుగా చినమావయ్యా?"

"ఇవి వేస్తే తప్పు బండిది కాదు, తిప్పినవాడిది అవుతుంది. అందుకని ఎవరికీ వేయను" అన్నాడు చినమావయ్య.

పళ్ళాయన ఇంటికొచ్చి, రెండు రోజులు వీధిలో అటూ ఇటూ నడిపి, మరలన్నిటినీ సరిగ్గా మధ్యలో పెట్టాడు. అత్తగారికి కాస్త కుదుపు, భార్యకి కాస్త తిప్పు. ఇద్దరికీ సమానంగా బాధ పంచానని తృప్తిపడ్డాడు. కట్టుడు పళ్ళల్లో కూడా అంతే, రెండు దవడలూ సమానంగా నొప్పెడితే ఎవరూ వెనక్కి తెచ్చివ్వరు.

అయితే ఆ మరలు అతను పెట్టినచోట ఉండేవి కావు. ఒకరోజు కారు కొయ్యబారిపోయేది, ఒకరోజు ఉయ్యాల అయిపోయేది. సామాను నాసిరకమేమో అనుకున్నాడు. చినమావయ్యనడిగితే, "వేడికి తిరుగుతుంటాయి" అన్నాడు, అతని ముఖంకేసి చూడకుండా.

*

ఒక గురువారం ఏం జరిగిందంటే, వీధి మలుపు తిరిగేలోపే కారు ఎన్నడూ లేని విధంగా నడిచింది. డ్రైవరు వైపు చక్రాలు దబదబ కొట్టుకుంటున్నాయి. అవతలి వైపు చక్రాలు అలల మీద పడవలా లేస్తూ దిగుతున్నాయి. డ్రైవరు వెనకాల కూర్చున్నది అత్తగారు. అవతలి వైపు ముందు కూర్చున్నది భార్య. ఎవరికి ఏది పడదో వాళ్ళకి సరిగ్గా అదే అందుతోంది.

బజారు దాటి, పాత గోదాముల దగ్గరికొచ్చేసరికి రెండు గొంతులు ఒక్కసారే "ఆపండి" అన్నాయి.

భార్య దిగి తుప్పల వైపు పరిగెత్తింది. అత్తగారు దిగి డోరు పట్టుకుని వంగినట్టే ఉండిపోయింది. పళ్ళాయన బానెట్ ఎత్తాడు, డిక్కీ ఎత్తాడు. ఒక పక్క రెండు మరలూ కుడికి చివరిదాకా తిరిగి ఉన్నాయి. రెండో పక్క రెండూ ఎడమకి చివరిదాకా.

"ఇది వేడికి తిరిగింది కాదు" అన్నాడతను.

భార్య తుప్పల దగ్గర్నుంచి వచ్చి, నీళ్ళ సీసా తీసుకుని పుక్కిలించి ఉమ్మింది.

"పొద్దున్నే నేనే తిప్పాను. నాలుగూ గట్టిగా బిగించాను. వెళ్ళాల్సిన ప్రతిసారీ తిప్పుతున్నాను" అంది.

అత్తగారు వంగే ఉండి చెప్పింది. "నేను తిప్పలేదు. నేను వంగలేను కదా. మరిది తిప్పాడు. టీ తాగడానికొచ్చినప్పుడల్లా తిప్పి వెళ్తున్నాడు. ఇవాళ ఒక పక్క అయ్యేసరికి బాబు బయటికొచ్చాడు. రెండో పక్క వదిలేసి రేడియేటర్లో నీళ్ళు చూస్తున్నట్టు నిలబడ్డాడు."

"బాబాయ్ చేత తిప్పించావా?"

"నువ్వు నీ చేత్తోనే తిప్పావు కదే! కన్నతల్లి నడుం విరిగినా పరవాలేదనుకున్నావా?"

"నేను వారానికి రెండు రోజులు పేగులు కక్కుకుంటున్నా పరవాలేదా నీకు? చిన్నప్పుడూ ఇంతే. బండెక్కితే చాలు, 'అంతా నీ మనసులో ఉంది, దిటవు చేసుకో' అనేదానివి. ఎక్కడున్నా అదే మాట. ఇప్పుడూ నోటితో అనవు గాని అదే అనుకుంటున్నావు."

అత్తగారు చాలాసేపటికి నిటారుగా నిలబడింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి, నొప్పితోనేనని పళ్ళాయన అనుకున్నాడు.

"అప్పుడు నాకు చేతనైంది అంతే" అంది. "డ్యూటీకి మా ఎక్స్చేంజి వ్యాన్లో నిన్ను వెంటబెట్టుకెళ్ళేదాన్ని. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. రోజూ నా చీర తడిపేదానివి. తోటి ఆపరేటర్లు ముక్కులు మూసుకునేవాళ్ళు. మనసు దిటవు చేసుకోమనక ఇంకేమనను? చివరికి ఆ డ్రైవరే, పాపని నాకివ్వండమ్మా అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీ చేతులు స్టీరింగు మీద పెట్టాడు. ఆ రోజు నువ్వు కక్కలేదు. మర్నాడూ కక్కలేదు. అతను బదిలీ అయిపోయాక మళ్ళీ మొదలు."

"నాకు గుర్తులేదు" అంది భార్య.

"నాకుంది."

గోదాముల దారి ఖాళీగా ఉంది. ఒక కుక్క రోడ్డు మధ్యలో పడుకుని వీళ్ళని చూస్తోంది. భార్య కారు చుట్టూ నడిచి, డ్రైవరు డోరు దగ్గరికొచ్చి, భర్త ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి."

"నీకు రాదుగా?"

"లైసెన్సుంది. పెళ్ళికి ముందే తీసుకున్నాను. మీరే కదా, 'నేనుండగా నీకెందుకు శ్రమ' అన్నారు."

అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అది ఎన్నేళ్ళ కిందటి మాటో గుర్తు చేసుకుంటూ తాళం ఇచ్చేశాడు. ఆమె మొదట మరల దగ్గరికి వెళ్ళి, నాలుగూ ఒక్కటొక్కటిగా మెత్తగా అయ్యే వైపు తిప్పింది. తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. భర్తకి మిగిలింది వెనక సీటు.

మొదట కారు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. కుక్క లేచి పక్కకి తప్పుకుంది. ఆమె నింపాదిగా, రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకుని, గుంతొచ్చినప్పుడు ముందుగానే చూసి తగ్గించి పోనిచ్చింది. కారు ఊగుతూనే ఉంది. ఆమె ముఖంలో రంగు మాత్రం మారలేదు.

"ముందు గుంత ఉంది" అంది అత్తగారు.

"చూశానమ్మా."

"దాటాం."

"ఎలా ఉంది నడుం?"

"బాగుందే. నీకో?"

"నాకేం తెలియట్లేదు."

వెనకాల మోకాళ్ళు గెడ్డానికి ఆనించి కూర్చున్న పళ్ళాయన గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళల్లో తన కార్లో వెనక సీట్లో తను ఎప్పుడూ కూర్చోలేదు. దారి తన కాళ్ళ కింద ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు దిగుతుందో తెలియడం లేదు. చెవుల వెనక చల్లగా చెమట పోసింది.

"ఏమోయ్, ఆ కవరు ఎక్కడుంది?" అని అడిగాడు, చాలా మర్యాదగా.

*

తరవాత అతను ఆ కారెక్కడం మానేశాడు. వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో ఇంట్లో ఉండి ఎవరిదో పై దవడ అచ్చు ముందేసుకుని మైనం కరిగించుకునేవాడు. తను వెళ్ళాల్సిన చోట్లకి బస్సెక్కేవాడు. అడిగినవాళ్ళకి వ్యాయామం అని చెప్పేవాడు. చినమావయ్య టీ తాగడానికి వస్తూనే ఉన్నాడు గాని బానెట్ జోలికి వెళ్ళలేదు. మెత్తటి షాకులూ మంచి డ్రైవరూ ఉంటే చాలని తను ముందే చెప్పానని మాత్రం అంటుండేవాడు. ఎవరూ కాదనలేదు.

అత్తగారి నడుము నెమ్మదిగా దారికొచ్చింది. ఇక వారానికి ఒకసారి చాలన్నారు. ఆ తరవాత అసలు రానక్కర్లేదన్నారు. ఆవిడ తన ఫ్లాటుకి వెళ్ళిపోతుందని పళ్ళాయన ఎదురుచూశాడు. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఆవిడని అడగడానికి అతనికీ మనసొప్పలేదు.

ఒక ఆదివారం తల్లీకూతుళ్ళు పొద్దున్నే బయల్దేరారు. ఎక్కడికని అతను అడిగితే, "ఊరికే, అలా" అన్నారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. అతను గడియారం చూడకూడదనుకుంటూ చూశాడు. పొద్దు వాలాక వీధిలో హారన్ మోగింది. ఇద్దరూ దిగారు, జుట్టు చెదిరి, బుగ్గలు కమిలి. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కింది. భార్య ఏదో అంటోంది, ఆవిడ నవ్వుతోంది. లైను వదిలేసే మనిషి అంతసేపు నవ్వడం అతనెప్పుడూ వినలేదు.

కారు తాళం వేద్దామని అతను కిందికి దిగాడు. చక్రాల గాడుల్లో ఇసుక కూరుకుని ఉంది. ముందు సీటు కింద కూడా ఇసుకే. అంత ఇసుక ఆ దగ్గర్లో ఎక్కడా లేదు. సముద్రం దాకా వెళ్ళాలి. ఆ దారిలో తనొకసారి వెళ్ళాడు, గతుకులకి విసిగి జనం కార్లు అమ్మేసుకునే దారి అది.

చీపురు తెచ్చి సీటు కింద ఇసుకంతా ఊడ్చి, వీధిలో దులిపి, పైకి వెళ్ళాడు. ఇద్దరూ సోఫాలో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. అతను ఫ్యాను వేసి, అన్నం వేడిచేయడానికి వంటింట్లోకి నడిచాడు.